ఏడో నెలా, తొమ్మిదో నెలా? తొలి కాన్పు ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒడిశా సరిహద్దు నుంచే: పర్లాకిమిడి, రాయగడ, బరంపురం, గుణుపురం, మల్కనగిరి. అందరిదీ తొలిచూలే. అందరి కార్డు మీదా హైరిస్క్ అని ఎర్ర స్టిక్కర్ పడింది. ఒకరు మాత్రల గురించి అడిగితే మరొకరు ఉయ్యాల గురించి అడిగారు. అత్తిల్లు ఒడిశాలో, పుట్టిల్లు ఆంధ్రాలో ఉంటే పురుడు ఎక్కడ పోసుకోవాలన్న బెంగ మాత్రం దాదాపు అన్ని ఉత్తరాల్లోనూ ఉంది. జవాబులు ఒక ప్రసూతి వైద్యురాలు, నవజాత శిశువుల వార్డులో పనిచేసే సీనియర్ నర్సు కలిసి రాశారు.

ప్రశ్న: నాకు 26వ వారం. పోయిన నెల బీపీ 146/94 వచ్చింది. సాయంత్రం మళ్లీ చూస్తే 144/92. లాబెటలాల్ మాత్రలు రెండు పూటలా వేసుకోమన్నారు. తొమ్మిదో నెలలో సీమంతం చేసి పంపుతామని మా అత్తగారు, ఏడో నెలలోనే తీసుకుపోతామని మా అమ్మ. అమ్మవాళ్లది పలాస దగ్గర పల్లెటూరు. ఎవరి మాట వినాలో తెలీట్లేదు. ఉప్పు పూర్తిగా మానేశాను, అయినా కాళ్లవాపు తగ్గట్లేదు. – ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు: ముందు వారాల లెక్క చూసుకోండమ్మా. డాక్టరు ఇచ్చిన తేదీ 40 వారాలకు. బీపీ ఉన్న గర్భిణికి మిగతావన్నీ బాగున్నా సాధారణంగా 37 వారాలు నిండగానే కాన్పు చేయించేస్తారు. బీపీ 160/110కి చేరినా, రక్తపరీక్షలు తేడాగా వచ్చినా 34 వారాలకే చేయాల్సి రావచ్చు. మనవాళ్లు తొమ్మిదో నెల అనేది 35, 36 వారాల దగ్గర మొదలవుతుంది. అంటే మీ అత్తగారు అనుకున్న రోజుకి మీరు అప్పటికే ఆసుపత్రిలో చేరి ఉండొచ్చు. మీ అమ్మగారి లెక్కే నయం. బీపీ అదుపులో ఉంటే 28 నుంచి 30 వారాల మధ్య, పగటిపూట, కూర్చుని వెళ్లే ప్రయాణం ఫర్వాలేదు.

అయితే పుట్టింటికి వెళ్లడం వేరు, పుట్టింటి దగ్గరి ఆసుపత్రికి వెళ్లడం వేరు. మీ కాన్పు జరిగే చోట మూడు ఉండాలి: రాత్రీపగలూ నడిచే ఆపరేషన్ థియేటర్, రక్తనిధి, నెలలు నిండని పిల్లల్ని చూసే ఎస్‌ఎన్‌సీయూ. అటు శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, ఇటు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ అలాంటివి. అమ్మగారి ఊరి నుంచి రాత్రి రెండింటికి బయల్దేరితే అక్కడికి ఎంతసేపు పడుతుందో మీ నాన్నగారినో తమ్ముడినో ఒకసారి నిజంగా బండి మీద వెళ్లి చూసి రమ్మనండి. గంట దాటితే 34వ వారం నుంచి ఆ పట్నంలోనే చుట్టాలింట్లో ఉండటం మేలు. 108కి ఫోన్ చేసినప్పుడు మామూలుగా తమ రాష్ట్రంలో దగ్గరున్న ఆసుపత్రికే తీసుకెళ్తారు, సరిహద్దు దాటించమంటే ఆ అర్ధరాత్రి వాదన తప్పదు. అందుకని సొంతంగా ఒక కారు, ఇద్దరు డ్రైవర్ల నంబర్లు రాసి గోడకి అంటించండి.

వెళ్లేముందు ఇక్కడి డాక్టరు చేత ఇంగ్లీషులో ఒక పేజీ రాయించుకోండి: ఎన్నో వారంలో బీపీ మొదలైంది, ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములు, మూత్రంలో ప్రోటీన్ ఎంత, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, లివర్ పరీక్షలు, ఆఖరి స్కాన్‌లో బిడ్డ బరువు, మీ రక్తం గ్రూపు. ఒడియాలో రాసిన చీటీ శ్రీకాకుళంలో చదివేవాళ్లు దొరక్కపోతే అన్నీ మొదటినుంచీ చేయాల్సొస్తుంది. అక్కడ దిగిన వారంలోపే ఆ ఊరి ఆశాని, ఏఎన్‌ఎమ్‌ని కలిసి పేరు ఎక్కించుకోండి. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలుంటాయి. మొదటి సందర్శనకి ఆ రోజు బాగుంటుంది.

డబ్బు సంగతి కూడా ముందే తేల్చుకోండి. ఆసుపత్రిలో కాన్పయితే డబ్బిచ్చే జననీ సురక్ష పథకం కింద ఒడిశాలో పల్లెల్లో 1400, పట్నాల్లో 1000 రూపాయలు. ఆంధ్రాలో 700, 600, అదీ పేద, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకే. ఒడిశా మమత పథకం డబ్బు మీ అంగన్‌వాడీలో నమోదైన చెకప్పులూ టీకాలూ చూసి విడతలుగా పడుతుంది. అందుకే పుట్టింట్లో చేయించుకున్న ప్రతి పరీక్షా కార్డులో రాయించి, ఫొటో తీసి ఇక్కడి అంగన్‌వాడీ దీదీకి పంపుతూ ఉండండి. ఆపరేషన్, మందులు, రక్తం, తిండి మాత్రం ఏ రాష్ట్రంలోనైనా ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే.

ఇక బీపీ మిషన్. దండచేతికి పట్టీ కట్టేదే కొనండి, మణికట్టుది వద్దు. దండ చుట్టుకొలత టేపుతో కొలిచి దానికి సరిపడే పట్టీ అడగండి. మామూలుగా వచ్చే పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి. లావు చేతికి చిన్న పట్టీ బిగిస్తే లేని బీపీ చూపిస్తుంది. చూసుకునే ముందు మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, కాళ్లు నేలకి తాకించి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. పొద్దున, సాయంత్రం చాలు. భయం వేసినప్పుడల్లా చూసుకుంటే ఆ భయానికే పెరుగుతుంది. 160 గానీ, కింది అంకె 110 గానీ వస్తే పావుగంట ఆగి మళ్లీ చూడండి. తగ్గకపోతే అప్పుడే బయల్దేరాలి.

అంకె మామూలుగా ఉన్నా బయల్దేరాల్సిన సందర్భాలున్నాయి: పారాసెటమాల్‌కీ తగ్గని తలనొప్పి, కళ్లముందు మెరుపులో మసకో, కుడి డొక్క కింద గానీ గుండెల కింద గానీ నొప్పితో వాంతులు, తెల్లారేసరికి మొహమూ చేతులూ ఉబ్బడం. పెద్దవాళ్లు గుర్రపువాతం అనేది ఈ దారిలోనే వస్తుంది. ఫిట్లు వచ్చాక తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్లి పోగొట్టుకున్న సమయం మళ్లీ దొరకదు. కాళ్లవాపు ఒక్కటే ఉంటే కంగారు లేదు. అది మామూలు గర్భంలోనూ వస్తుంది.

ఉప్పు పూర్తిగా మానడం వల్ల బీపీ తగ్గదు, నోరు చప్పబడి అన్నం మానేస్తారు. కూరలో వేసేంత వేసుకోండి. ఆవకాయ, ఎండుచేప, అప్పడం మాత్రం పక్కన పెట్టండి. రోజంతా మంచం మీద పడుకోనక్కర్లేదు, మామూలు ఇంటిపని చేసుకోవచ్చు. కాల్షియం 500 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి రెండు, అన్నం తిన్నాక. ఐరన్ మాత్ర దాంతో కలిపి వేసుకోకండి, రెండు గంటలైనా ఎడం ఉండాలి, లేకపోతే ఐరన్ ఒంటికి పట్టదు. ఒళ్లునొప్పులకి మందుల షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ముట్టుకోవద్దు.

28వ వారం నుంచి బిడ్డ కదలికలు లెక్కపెట్టండి. అన్నం తిన్నాక ఎడమపక్కకి పడుకుని, పది కదలికలు ఎంతసేపట్లో వచ్చాయో చూడండి. రెండు గంటలైనా పది రాకపోతే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి, రేపటిదాకా ఆగకూడదు.

ప్రశ్న: సీమంతం చేయొచ్చా మరి? – ఆమే

జవాబు: చేయొచ్చు. పీట మీద గంటల తరబడి కూర్చోబెట్టకుండా కుర్చీ వేయండి. మాత్ర వేళ దాటనివ్వకండి. చలిమిడి, పులిహోర రుచి చూడండి, చాలు. గాజులు వదులుగా ఉండేవి తొడగమనండి. ఉంగరాలు, మెట్టెలు మాత్రం 32 వారాలకల్లా తీసేయండి. వాపు వచ్చాక ఆపరేషన్ బల్ల దగ్గర వాటిని కత్తిరించాల్సి వస్తోంది.

ప్రశ్న: నా భార్యకి అయిదో నెల స్కాన్‌లో మాయ కిందికి ఉందన్నారు. రక్తం పోవచ్చు, జాగ్రత్త అన్నారు. మేం రాయగడలో ఉంటాం. ఇప్పుడే రక్తం తీయించి దాచిపెట్టమంటారా? నాదీ ఆమెదీ ఒకే గ్రూపు. – రాయగడ

జవాబు: అయిదో నెలలో కిందున్న మాయ చాలామందిలో పైకి జరుగుతుంది. నిజానికి మాయ కదలదు, గర్భసంచి కిందిభాగం సాగుతూ దాన్ని పైకి తీసుకుపోతుంది. అందుకే 32వ వారంలో మళ్లీ స్కాన్ చేస్తారు. అప్పుడు కిందినుంచి చేసే స్కాన్ అంటే వద్దనకండి. పొట్టమీది స్కాన్ కన్నా అదే కచ్చితం, దానివల్ల రక్తం పోదు. గర్భద్వారం నుంచి మాయ అంచు 20 మిల్లీమీటర్ల కన్నా దూరంగా ఉంటే మామూలు కాన్పుకి ప్రయత్నించొచ్చు. ద్వారాన్ని కప్పేసి ఉంటే 36, 37 వారాల మధ్య ఆపరేషన్ తప్పదు, నొప్పులు వచ్చేదాకా ఆగరు.

రక్తం ఇప్పుడు తీయించి లాభం లేదు. సంచిలో వేసిన రక్తం వాడే మందును బట్టి 35 నుంచి 42 రోజులే నిలుస్తుంది. మీరు చేయాల్సింది మనుషుల్ని సిద్ధం చేయడం. 18 నుంచి 65 ఏళ్ల లోపు, 45 కిలోలకి తగ్గని, హిమోగ్లోబిన్ 12.5 ఉన్న నలుగురి పేర్లు, ఫోన్లు, ఆఖరిసారి ఎప్పుడు ఇచ్చారో రాసుకోండి. మగవాళ్లు ఒకసారి ఇచ్చాక మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగాలి. అందుకే ఎనిమిదో నెలలో వినాయకచవితి శిబిరంలోనో మరో చోటో ఇచ్చేసి వస్తే మీకు పనికిరారు. మీరూ ఇవ్వొచ్చు, కానీ మీ సంచి రక్తనిధికి వెళ్లి, ఆమెకి ఇంకొకరిది రావడమే మంచిది. భర్త రక్తం ఎక్కిస్తే దానికి విరుగుడుగా ఆమె ఒంట్లో తయారయ్యేవి తర్వాతి కాన్పులో బిడ్డ రక్తాన్ని దెబ్బతీయొచ్చు. ఆమె హిమోగ్లోబిన్ 11కి తగ్గకుండా చూడటమే ఇప్పుడు ఇంట్లో మీ చేతిలో ఉన్న రక్తనిధి.

ఈ రక్తస్రావం నొప్పి లేకుండా, ఎర్రగా, నిద్రలో కూడా మొదలవుతుంది. నొప్పి లేదు కదా అని ఆగకండి. శుభ్రమైన ప్యాడ్ పెట్టి, ఎన్ని తడిశాయో చూపించడానికి వాడినవి కవర్లో వేసుకుని వెళ్లండి. దారిలో ఎడమపక్కకి పడుకోబెట్టండి, తినడానికేమీ పెట్టకండి. మంత్రసాని గానీ మరెవరు గానీ లోపల వేలు పెట్టి చూడకూడదు, ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు. మాయ పైకి జరిగిందని చెప్పేవరకూ భార్యాభర్తలు కలవకూడదు. బరువులెత్తకూడదు. పార్వతీపురం పుట్టిల్లయినా సరే, ఒకసారి రక్తం కనిపించాక ఘాట్ రోడ్డు మీద బస్సు ప్రయాణం మానుకోవాలి. ఆమె గ్రూపు నెగెటివ్ అయితే రక్తస్రావం జరిగిన 72 గంటల్లోపు యాంటీ డీ ఇంజెక్షన్ కూడా పడాలి.

ప్రశ్న: కవలలు. 29 వారాలు. ముందే పుట్టొచ్చన్నారు. ఊయల, బేబీ సెట్లు, పాలసీసాలు కొనాలని మావారి హడావుడి. పుట్టకముందు కొనకూడదని మా అత్తగారు. ఏవి అవసరమో చెప్పండి. – బరంపురం

జవాబు: ఈ ఉత్తరానికి జవాబు కాస్త పొడుగవుతుంది, ఎందుకంటే నెలలు నిండని పిల్లల విషయంలో మనం ప్రేమతో చేసే పనులే కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి.

కొనాల్సిన వాటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఒక ఇంజెక్షన్ గురించి. 34 వారాల లోపు కాన్పు అయ్యేలా ఉంటే తల్లికి డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాములు, 12 గంటలకొకటి, నాలుగు ఇస్తారు. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి. మొదటిది పడ్డాక 24 గంటల నుంచి వారం లోపు కాన్పయితే దాని మేలు ఎక్కువ. కాబట్టి నొప్పులు ముదిరేదాకా ఇంట్లో ఆగితే ఆ అవకాశం పోతుంది. గంటలో నాలుగైదు సార్లు పొట్ట బిగుసుకోవడం, విడవని నడుంనొప్పి, కిందికి జారుతున్నట్టు బరువు, బట్ట తడిసేలా నీరు. వీటిలో ఏది కనిపించినా వెళ్లండి. ఉమ్మనీరు అనుమానమైతే టైమూ రంగూ గుర్తుపెట్టుకోండి, స్నానం చేసి బయల్దేరకండి. ఇద్దరు పిల్లలకీ ఒకే మాయా, వేరువేరా అన్నది మీ స్కాన్‌లో రాసి ఉంటుంది. ఒకే మాయ అయితే రెండు వారాలకోసారి, వేరయితే నాలుగు వారాలకోసారి స్కాన్.

కొనే విషయంలో మీ అత్తగారి మాటకీ మా మాటకీ పేచీ లేదు. కావలసినవి ఇంట్లోనే ఉన్నాయి. పాత నూలు చీరలు, పంచెలు ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి మీటరు ముక్కలుగా కత్తిరించండి, ఒక్కో బిడ్డకి ఎనిమిది. కొత్త బట్టలో గంజి గుచ్చుకుంటుంది. టోపీలు ఒక్కొక్కరికి నాలుగు, మేజోళ్లు నాలుగు జతలు. కొనాల్సినవి: డిజిటల్ థర్మామీటర్, చిన్న సైజు డైపర్లు, మీకు ముందు విప్పుకునే రవికెలు లేదా నైటీలు, మూతలున్న రెండు స్టీలు గిన్నెలు, రెండు ఉగ్గుగిన్నెలు. మీ అమ్మగారింట్లో వెండిది ఉంటే దానికన్నా ఏదీ లేదు, పది నిమిషాలు మరిగించి వాడండి. పాలసీసాలు ఒక్కటీ వద్దు. సీసా పీకకి అలవాటైన బిడ్డ రొమ్ము పట్టుకోదు, సీసా అడుగున మిగిలిన పాలచారలోంచి విరేచనాలు వస్తాయి. ఊయల ఇప్పుడే అక్కర్లేదు, ఈ పిల్లల మొదటి ఊయల మీ గుండెలే.

దాన్నే కంగారూ పద్ధతి అంటారు. రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డని డైపర్, టోపీ, మేజోళ్లతో మాత్రం ఉంచి, మీ రొమ్ముల మధ్య నిలువుగా, చర్మానికి చర్మం తగిలేలా, కప్పలా కాళ్లు మడిచి పెట్టాలి. తల ఒక పక్కకి, మెడ కొంచెం పైకెత్తినట్టు ఉండాలి. గడ్డం గుండెకి ఆనితే ఊపిరి ఆగుతుంది, ఎక్కువమంది చేసే తప్పు ఇదే. చెవి కిందివరకూ వచ్చేలా నూలు బట్టతో చుట్టి కట్టి, పైన మీ రవికెయో శాలువాయో. రోజుకి కనీసం ఎనిమిది గంటలు, వీలైతే ఇరవైనాలుగూ. కూర్చునీ, ఒరిగి పడుకునీ, నడుస్తూ కూడా. ఒక బిడ్డ మీ దగ్గర, ఒక బిడ్డ తండ్రి దగ్గర. ఛాతీ మీద వెంట్రుకలున్నా ఫర్వాలేదు, సిగరెట్, గుట్కా మాత్రం మానాలి. అమ్మమ్మ, నాన్నమ్మ వంతులేసుకోవచ్చు. బరువు రెండున్నర కిలోలు దాటాక బిడ్డే తన్నుకుని బయటికి వచ్చేస్తుంది. చంకలో వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకు తగ్గితే వేడినీళ్ల సీసాలు పెట్టడం కాదు, మళ్లీ గుండెకి హత్తుకోవడమే.

పిల్లలు ఎస్‌ఎన్‌సీయూలో, మీరు వార్డులో ఉంటే పాలు పిండి పంపాలి. మొదటి గంటలోనే మొదలుపెట్టండి. బొటనవేలు, చూపుడువేలు నల్లభాగం అంచున పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత రెండువేళ్లూ దగ్గరకి తెచ్చి వదలాలి. చనుమొనని లాగితే పుండు తప్ప పాలు రావు. మొదటిరోజు చెంచాడు ముర్రుపాలు వస్తే అదే ఎక్కువ. రెండు మూడు గంటలకోసారి, రోజుకి ఎనిమిది నుంచి పదిసార్లు పిండాలి, అర్ధరాత్రి ఒకసారి తప్పకుండా. ఆ ఒక్కసారి మానేసిన తల్లులకే అయిదో రోజుకి పాలు తగ్గాయని బెంగ మొదలవుతుంది. పిండిన పాలు బయట నాలుగు గంటలకి మించి ఉంచకండి, బరంపురం వేసవిలో ఇంకా తక్కువ. ఫ్రిజ్ లోపలి అరలో 24 గంటల్లోపు వాడేయండి.

ఇంటికొచ్చాక చేయకూడనివి: సాంబ్రాణి పొగ, మంచం కింద కుంపటి, ముక్కులో చెవుల్లో నూనె, బొడ్డుమీద పసుపూ బూడిదా, నాలిక మీద తేనె, ఆముదం. పొగ ఒక్కటి చాలు, ఈ చిన్న ఊపిరితిత్తులు మళ్లీ ఆక్సిజన్ మీదికి రావడానికి. మూసిన గదిలో కుంపటి గాలిని విషం చేస్తుంది, బాలింత కూడా ఆ గదిలోనే ఉంటుంది. బరువు పెరిగేదాకా తలంటూ నలుగూ వద్దు, గోరువెచ్చని తడిబట్టతో తుడిస్తే చాలు.

డిశ్చార్జి కాగితంలో ఒక తేదీ వెతకండి, లేకపోతే అడిగి రాయించుకోండి: కంటి పరీక్ష. 34 వారాల లోపు పుట్టిన, లేదా రెండు కిలోల కన్నా తక్కువున్న బిడ్డకి నెల నిండేలోపు కంటి వెనక రెటీనా చూపించాలి. మరీ చిన్నపిల్లలకి రెండు మూడు వారాలకే. బయటికి కళ్లు చక్కగా తిప్పుతున్నా సరే. ఆ వారాలు దాటితే చూపు మళ్లీ తిరిగిరాకుండా పోవచ్చు. టీకాలు మాత్రం పుట్టిన తేదీ లెక్కనే వేయించాలి, నెలలు నిండలేదని వెనక్కి జరపకూడదు.

ప్రశ్న: ఏడో నెల. గ్లూకోజు తాగించి పరీక్ష చేస్తే 168 వచ్చింది. నేను తీపి ముట్టనే లేదు! చద్దన్నం తింటే షుగర్ వస్తుందా? – గుణుపురం

జవాబు: తీపి తినడం వల్ల వచ్చింది కాదు. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. కొందరి ఒళ్లు దానికి సరిపడా ఇన్సులిన్ తయారు చేసుకోలేదు. 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకి 140 గానీ, పైన గానీ వస్తే గర్భంలో షుగర్ ఉన్నట్టే. తాగిన అరగంటలోపు వాంతి అయి ఉంటే మాత్రం ఆ లెక్క చెల్లదు, ఇంకోరోజు చేయించుకోండి.

చద్దన్నం దోషం కాదు, గిన్నెడు చద్దన్నం దోషం. ఒక కప్పు అన్నం, దాంతో పప్పో గుడ్డో చేపో, కప్పు నిండా ఆకుకూరో బీరకాయో. చోడి (రాగి) అంబలి మంచిదని మూడు గ్లాసులు తాగితే అదీ పిండే. రోజుకి మూడు పెద్ద భోజనాలకి బదులు మూడు చిన్నవి, మధ్యలో మరమరాలకి బదులు ఉడికిన శనగలు, జామకాయ. తిన్న వెంటనే పావుగంట వాకిట్లో నడవండి, ఇంతకన్నా చవకైన మందు లేదు. పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకి 120 లోపు ఉండాలి. రెండు వారాలు ఇలా చేసినా తగ్గకపోతే మెట్‌ఫార్మిన్ గానీ ఇన్సులిన్ గానీ మొదలుపెడతారు. ఇన్సులిన్ బిడ్డలోకి వెళ్లదు. ఫ్రిజ్ లేకపోతే సీసాని కవర్లో చుట్టి తడి ఇసుక కుండలో పెట్టండి, తెరిచాక 28 రోజులకి పారేయండి.

కాన్పయ్యాక బిడ్డకి గంటలోపే రొమ్ము పట్టించాలి. కడుపులో ఎక్కువ చక్కెరకి అలవాటైన బిడ్డకి పుట్టగానే షుగర్ పడిపోతుంది, అందుకే మడమలోంచి చుక్క తీసి చూస్తారు, కంగారుపడకండి. ఆరు వారాలకి మీరు మళ్లీ అదే గ్లూకోజు పరీక్ష చేయించుకోవాలి. బిడ్డ చేతికొచ్చాక ఈ పరీక్ష దాదాపు అందరూ మర్చిపోతారు.

ప్రశ్న: మోటు దగ్గర ఊరు మాది, మల్కనగిరి జిల్లా. నా భార్యకి సికిల్ సెల్ జబ్బు ఉంది. ఇప్పుడు పది వారాలు. సికిల్ ఉన్నవాళ్లకి మలేరియా రాదంటారు, నిజమేనా? ఐరన్ మాత్రలు ఇస్తే వేసుకోవాలా? – మల్కనగిరి

జవాబు: మలేరియా మాట సగం నిజం, ఆ సగమే ప్రమాదం. సికిల్ అంటే ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వచ్చి సికిల్ లక్షణం (ట్రెయిట్) మాత్రమే ఉన్నవాళ్లకి మలేరియా ముదరడం తక్కువ. ఇద్దరి నుంచీ వచ్చి జబ్బుగా ఉన్న మీ భార్యకి మలేరియా వస్తే మిగతావాళ్లకన్నా ఎక్కువ హాని. ఆమె మందుపూసిన దోమతెరలోనే పడుకోవాలి. ఏ జ్వరమైనా అదేరోజు ఆశా దగ్గర రక్తపరీక్ష చేయించాలి.

ముందు మీరు పరీక్ష చేయించుకోండి, ఈ వారమే. సాల్యుబిలిటీ పరీక్ష సికిల్ ఉందో లేదో చెబుతుంది గానీ లక్షణమా జబ్బా అన్నది చెప్పదు, ఆ తేడా చెప్పే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష అడగండి. మీకు ఏమీ లేకపోతే పిల్లలకి లక్షణం మాత్రమే వస్తుంది, జబ్బు రాదు. మీకు లక్షణం ఉంటే ప్రతి కాన్పులోనూ సగం సగం అవకాశం జబ్బుకి. అప్పుడు 11 నుంచి 14 వారాల మధ్య మాయ ముక్క తీసి గానీ, 15 వారాలు దాటాక ఉమ్మనీరు తీసి గానీ బిడ్డ సంగతి తెలుసుకోవచ్చు. పది వారాలన్నారు కాబట్టి చెబుతున్నాం: రోజులు లెక్కలోనివే. పెద్దాసుపత్రికి రిఫరల్ చీటీ ఇప్పుడే తీసుకోండి. మీకు కోరాపుట్‌లోని సహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

ఐరన్ అందరిలా కళ్లుమూసుకుని వేసుకోకూడదు. రక్తం చాలాసార్లు ఎక్కించి ఉంటే ఒంట్లో ఐరన్ నిల్వ ఎక్కువై ఉండొచ్చు, ఆ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చూశాకే. ఫోలిక్ యాసిడ్ మాత్రం రోజూ 5 మిల్లీగ్రాములు, మామూలు గర్భిణులకిచ్చే చిన్న మోతాదు చాలదు. హైడ్రాక్సీయూరియా వాడుతుంటే డాక్టరుకి ఇవాళే చెప్పండి, గర్భంలో ఆపించేస్తారు. నీళ్లు రోజుకి మూడు లీటర్లు, చలిలో తడవకుండా ఉండటం, పొలంలో ఎండకి వంగి పనిచేయకపోవడం. సికిల్ నొప్పి వచ్చేది ఎక్కువగా వీటిలో ఏదో తప్పినప్పుడే. జ్వరంతో ఛాతీనొప్పి, ఆయాసం వస్తే ఇంట్లో ఒక్క రాత్రీ ఉంచకండి. రక్తం ఎక్కించాల్సొస్తే సికిల్ ఉందని ముందే చెప్పండి, గ్రూపు మించి ఇంకా కొన్ని సరిపోల్చాలి. ఈ జబ్బున్నంత మాత్రాన ఆపరేషనే అని లేదు, 38 వారాలు నిండాక మామూలు కాన్పు ప్రయత్నిస్తారు. మీ బ్లాకు నుంచి ఆసుపత్రి దూరం గనక, మారుమూల ప్రాంతాలవారి కోసం ఉన్న 'మా గృహ'లో తేదీకి ముందే వచ్చి ఉండొచ్చా అని ఆశాని అడగండి.

ప్రశ్న: పాప శ్రీకాకుళంలో పుడితే జనన ధ్రువపత్రం ఒడిశాలో ఇస్తారా? – పర్లాకిమిడి

జవాబు: ఇవ్వరు. పుట్టిన చోటే నమోదు, 21 రోజుల్లోపు. ఆంధ్రా పత్రం ఒడిశా బడిలో చెల్లుతుంది. తకరారంతా పేర్ల దగ్గరే వస్తుంది. మనవాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడిశా కాగితాల్లో అది చివరికి పోతుంది, అక్షరాలు కూడా మారతాయి. ఆసుపత్రిలో ఫారం నింపేటప్పుడు నర్సు అడిగి తనకి తోచినట్టు రాసేయకుండా, తల్లిదండ్రులిద్దరి ఆధార్ కాపీలు ఆపరేషన్ రోజు సంచిలోనే పెట్టి, వాటిలో ఉన్నట్టే రాయించండి.